కుడి ట్యాంకు ఎందుకు నిండింది?

నాకు శత్రువులు చాలామందే ఉన్నారు గానీ, మా ఇంట్లో భోంచేసి, చెయ్యి కడుక్కుని, ఆ తడి చెయ్యి ఆరకముందే నన్ను తిట్టి వెళ్ళే శత్రువు మాత్రం ఒక్కడే. మా అక్క మొగుడు. ఊరికి ఇన్‌స్పెక్టరు, నాకు బావ. ఆయన మూసేసిన కేసుల్ని తెరిపించడమే ప్రైవేటు డిటెక్టివ్‌గా నా బతుకుతెరువు కాబట్టి మా ఇద్దరి మధ్యా నలిగిపోయేది అక్క.

ఆ రోజు ఉదయం లాకప్ ముందు బావ నాకు పది నిమిషాలిచ్చాడు.

"మీ అక్క మొహం చూసి ఇస్తున్నా," అన్నాడు.

"నా మొహం చూసి ఇమ్మని నేనెప్పుడడిగాను బావా?"

"నీ మొహం చూస్తే ఆ పది కూడా ఇవ్వను," అని కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. పోనీ బయటికి వెళ్ళాడా అంటే అదీ లేదు. పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అక్కడే బైఠాయించాడు.

ఊచల వెనక ఉన్నది మేస్త్రి. పాత ట్రక్కుల ఇంజన్లు దించి కొత్తవి ఎక్కించడంలో పేరున్న మనిషి. నిన్నటి నుంచి లోపలున్నా గోళ్ళ సందుల్లో గ్రీజు అలాగే ఉంది. మొన్న సాయంత్రం చీకటి పడే వేళ, స్పేర్ పార్టుల షావుకారు తన గోడౌను వెనక సందులో ట్రక్కు కింద పడి చనిపోయాడు. ప్రమాదం కాదు. ఆ ట్రక్కు లైట్లు ఆర్పుకుని, ఇంజను మాత్రం ఆపకుండా చాలాసేపు సందులో కాచుకుని ఉందని, షావుకారు గేటు దాటగానే తిన్నగా ఆయన మీదికే వచ్చిందని గోడౌను వాచ్‌మన్ చెప్పాడు. నడిపినవాడి మొహం కనిపించలేదట. మర్నాడు మేస్త్రి షెడ్డులో నిలబెట్టి ఉన్న పాత ట్రక్కు బంపరులో షావుకారు కళ్ళజోడు సగం ఇరుక్కుని దొరికింది.

"నువ్వేనా చంపింది?" అన్నాను. నేను డొంకతిరుగుడుగా అడగను. అడిగేంత టైము బావ ఇవ్వలేదు కూడా.

"చంపాలనుకుంటే నా చేతిలో స్పానర్ లేదా బాబూ? కదలని బండితో ఎవడన్నా చంపుతాడా?"

పేపరు వెనక నుంచి బావ నవ్వాడు. "కదలని బండి! నేను కీ తిప్పగానే గుర్రుమని లేచింది."

"లేచి?" అన్నాను.

"కాసేపు తిరిగి ఆగిపోయింది. అయితే ఏం? లేచిందా లేదా?"

మేస్త్రి తల పట్టుకున్నాడు. "అదే బాబూ నాకు మతి పోతున్నది. దానికి పెట్రోలు అందే దారే నేను పూర్తి చేయలేదు. లేవడమేంటి?"

"నాకు స్కూటర్లో పెట్రోలు పోయించుకోవడం తప్ప ఏమీ తెలియదు. తిన్నగా చెప్పు."

"దాని పాత ఇంజను కార్బ్యురేటర్‌ది. పసిపిల్లకి ఉగ్గుగిన్నెతో పట్టినట్టు కొంచెం కొంచెం అందిస్తే చాలు. ఇప్పుడెక్కించింది ఇంజెక్షన్ ఇంజను. దీనికి పంపు పెట్టి గట్టి ప్రెషర్‌తో తోయాలి. కావాల్సినంత తాగి మిగిలింది వెనక్కి పంపేస్తుంది. ఆ మిగిలింది ట్యాంకులోకి చేరడానికి ఇంకో గొట్టం వెయ్యాలి. రిటర్న్ అంటాం."

"వేస్తే పోయేదిగా?"

"ఈ బండికి రెండు ట్యాంకులు బాబూ. ఎడమ పక్కొకటి, కుడి పక్కొకటి. డ్రైవరు ముందు ఒక నాబ్ ఉంటది. ఎటు తిప్పితే ఆ ట్యాంకులోంచి తాగుతుంది. పాత ఇంజనుకి వెనక్కి పంపే పనే లేదు కాబట్టి ఆ నాబ్ తాగే దారినే మారుస్తుంది, తిరిగొచ్చే దారిని మార్చదు. దానికేం తెలుసు పాపం? ఎడమలోంచి తాగి కుడిలోకి కక్కిందనుకో, ఎడమది ఎండిపోద్ది, కుడిది పొంగిపోద్ది. కింద వేడి సైలెన్సర్. రెండు దారుల్నీ కలిపి మార్చే వాల్వు ఒకటుంటుంది. అది దొరకలేదు. దొరికేదాకా పని ఆపేశాను."

"పంపు?"

ఆయన మొహం మాడిపోయింది. "ఇంజెక్షన్ పంపని చెప్పి షావుకారు నాకు అంటగట్టింది పాత కార్బ్యురేటర్ పంపు. పెట్టె మారింది, సరుకు మారలేదు. తీసుకెళ్ళి వాడి గుమ్మంలోనే నేలకేసి కొట్టాను."

"కొట్టి ఊరుకున్నావా?"

పేపరు మడతపెట్టి బావే అందుకున్నాడు. "చెప్పు మేస్త్రీ, సిగ్గెందుకు? 'ఈ బండి కదిలిన రోజు దాని కిందే నిన్ను పడుకోబెడతా'నని బజారంతా వినేలా అన్నావుగా."

"కోపంలో అన్నాను సారూ."

"కోపంలోనే చేశావు కూడా."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఈ మనిషికి చేతిలో ఉన్న పనితనంలో పావు వంతు నోటిలో ఉన్నా నాకు ఈ తిప్పలు ఉండేవి కావు.

"ఆ సాయంత్రం ఎక్కడున్నావు?"

"ఇంట్లో. తలనొప్పిగా ఉంటే మధ్యాహ్నమే షెడ్డు మూసేసి వెళ్ళి పడుకున్నా."

"ఎవరు చూశారు?"

"నా దిండు చూసింది."

"షెడ్డు తాళంచెవి?"

"నా మొలతాడుకొకటి. మా అమ్మాయి ఇంట్లో ఒకటి."

"టైమైపోయింది," అని బావ లేచాడు. "సాయంత్రం ఇతన్ని కోర్టులో పెడతా. మధ్యాహ్నం బండిని స్టేషనుకి తోలుకొస్తా. అది మా పెరట్లోకి వచ్చాక నువ్వు దాన్ని గేటు బయట నుంచి చూసి ఏడవాలి."

అదే నా బాధ. ఆ ట్రక్కు స్టేషను పెరట్లోకి వెళితే ఇక దాని గొట్టాలు ఎవడూ చూడడు. వానకి తడిసి, ఎండకి ఎండి, తీర్పు వచ్చేనాటికి తుప్పు ముద్దవుతుంది. మేస్త్రి గతీ అంతే. బావకి తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు తెచ్చి చూపించినా అది కుందేలుది కాదు, కుక్కదంటాడు.

షెడ్డుకి వెళ్ళేసరికి మేస్త్రి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడది టైలరింగ్. మెడలో టేపు వేసుకునే వచ్చేసింది. తల్లి లేని పిల్ల, తండ్రే పెంచాడు. నన్ను ఈ కేసులోకి దించింది ఆవిడే. పక్కన ఆవిడ భర్త. కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్త బళ్ళు చూసే మెకానిక్కు. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. నేను అడక్కముందే మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

"నాన్న ఏమన్నారు?" అంది ఆవిడ.

"కదలని బండి అన్నారు."

"నేనూ అదే చెప్తున్నాగా నిన్నట్నుంచి! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది, ఎవరూ వినరు."

నేను చొక్కా విప్పి బనీనుతో ట్రక్కు కిందికి దూరాను. వీపు కింద నట్లు, మొహం మీద గ్రీజు. ముందు ఎడమ ట్యాంకు మూత తీసి పొడుగాటి పుల్ల ముంచాను. అడుగున చివర తడి అంటిందంతే. కుడి ట్యాంకు మూత తిప్పగానే పెట్రోలు నా వేళ్ళ మీదికొచ్చింది. గొంతుదాకా ఉంది. ట్యాంకు పక్కనంతా దుమ్ము పేరుకుని ఉంటే, మూత దగ్గర నుంచి కిందిదాకా ఒక్క చార మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంది.

తెల్లవారుజామున నేను గోడౌను సందు చూసే వచ్చాను. ట్రక్కు కాచుకున్న చోట కుడి పక్కన రోడ్డు తారు పెట్రోలుకి కరిగి మెత్తబడి ఉంది. కాలితో నొక్కితే చెప్పు అంటుకుంది. పాత బండి, ఎక్కడో కారిందిలే అని బావ రాసుకుని పోయాడు. కారడం కాదది. నిండిన ట్యాంకు పొంగింది.

అంటే మేస్త్రి ఆపేసిన పనిని ఎవడో అందుకుని, రిటర్న్ గొట్టాన్ని కుడి ట్యాంకుకి పెట్టేశాడు. ఎందుకు పెట్టాడో కూడా కనిపిస్తూనే ఉంది. కుడి ట్యాంకు మీద గొట్టం తగిలించే మూతి ఒకటి వాడకంలో లేకుండా ఉంది. ఎడమ దానికి లేదు, పెట్టాలంటే చిల్లి పొడవాలి. ఖాళీ మూతి కనబడగానే తగిలించేశాడు. తగిలించిన పని మాత్రం ముచ్చటగా ఉంది. క్లిప్పులన్నీ సరైనవి, గొట్టం ఎక్కడా రాపిడి తగలకుండా తొడుగు వేశాడు. రిటర్న్ గొట్టం సంగతి తెలిసినవాడే. రెండు ట్యాంకుల సంగతి తెలియనివాడు.

పంపు చూస్తే తళతళలాడుతోంది. మీద అంటించిన కాగితాన్ని గోకేశారు. మేస్త్రి పగలగొట్టిన పంపు ముక్కలు అటు మూల తుక్కుడబ్బాలో అలాగే ఉన్నాయి. ఈ కొత్తదానికి కరెంటు ఎక్కడ నుంచి వస్తోందో చూద్దామని ఎర్ర వైరు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళాను. అది ఛాసిస్ పట్టీ వెనక నల్లటి గొట్టంలో దూరింది. ఇక మళ్ళీ బయటికి రాలేదు. ఎటు పోయిందోనని తల ఎత్తాను. ఠంగుమని నుదురు తగిలింది.

"అమ్మా!"

"మీకు బండ్ల గురించి ఏమైనా తెలుసా అండీ?" అంది కూతురు వంగి చూస్తూ.

"ఏమీ తెలీదమ్మా."

"మరి కిందికెందుకు దూరారు?"

"తెలీకే దూరాను." ఒళ్ళు మండిపోతూ బయటికొచ్చాను. బొప్పి కట్టింది. బావ చూస్తే పండగ చేసుకుంటాడు.

మేస్త్రి అల్లుణ్ణి అడిగాను. "ఈ వైరు ఎక్కడికెళ్తుంది? ఫ్యూజు ఎక్కడో ఉండాలిగా?"

"ఉండాలండీ. ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు? మావయ్య ఈ బండి మీద నన్ను చెయ్యి కూడా వేయనివ్వడు. కంప్యూటర్ తగిలించి చూసేవాడివి, నీకు బండి తెలీదురా అంటాడు." అతను నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం చేదుంది.

"మొన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"డ్యూటీలో. పని ఎక్కువై ఆలస్యమైంది."

"ఈ పంపు ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది?"

"దొరకొచ్చండీ, ఎక్కడైనా..."

"ఎక్కడ దొరుకుతుందండీ?" కూతురు అడ్డొచ్చింది. "ఊరంతా తిరిగి దొరక్కే కదా నాన్న మిమ్మల్నడిగింది, కంపెనీలోంచి ఒకటి ఇప్పించమని? కుదరదన్నారుగా మీరు."

"కంపెనీ రూల్సు," అన్నాడతను గ్లాసు తీసుకుని.

ఆవిడ మామూలుగానే అంది. మొగుడి మీద అనుమానం లేదు, తండ్రికి సాయం చేయలేదన్న పాత అలక తప్ప. నాకు మాత్రం ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. కానీ ముల్లు దిగితే సరిపోదు, సాక్ష్యం కావాలి. సర్వీస్ సెంటర్లో పంపుల లెక్క తగ్గిందా అని అడిగితే నాలాంటివాడికి గేటు దగ్గరే సమాధానం చెబుతారు. బావ అడిగితే చెబుతారు. బావ అడగడు.

జీపు హారన్ వినిపించింది. మధ్యాహ్నమన్నవాడు అన్నం కూడా తినకుండా ముందే వచ్చేశాడు. నేనంటే అంత ప్రేమ.

జీపులోంచి బావ, ఒక కానిస్టేబుల్, బేడీలతో మేస్త్రి దిగారు. బండి తనదేనని మేస్త్రి చేత చెప్పించి తీసుకెళ్తారట. కానిస్టేబుల్ మేస్త్రిని ట్రక్కుకీ గోడకీ మధ్యనున్న ఇరుకులోకి తీసుకెళ్ళి, బేడీ ఒక కొస కిటికీ ఊచకి తగిలించాడు. అది ట్రక్కు కుడి పక్క. కూతురు పరుగున వెళ్ళి తండ్రి చెయ్యి పట్టుకుంది.

బావ నా నుదురు చూశాడు. "ఏం బామ్మర్దీ, కొమ్ము మొలిచింది?"

"నీ కేసుకి మొలిచింది బావా. ఒక్కసారి ఇలా రా." చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి రెండు ట్యాంకులూ చూపించాను. తాగే దారి, తిరిగొచ్చే దారి, సందులో మెత్తబడ్డ తారు, అన్నీ చెప్పాను. జీవితంలో మొదటిసారి అరవకుండా చెప్పాను.

బావ మీసం దువ్వుకున్నాడు. "ఎడమ దాంట్లో తాగి కుడి దాంట్లో కక్కింది. జడ్జిగారికి ఇలాగే చెప్పమంటావా?"

"మేస్త్రి ఈ తప్పు చేయడు బావా! ఇలా అవుతుందని తెలిసే కదా పని ఆపేశాడు?"

"అది బండి బాగుచేసేవాడి లెక్క. మనిషిని చంపడానికి బయల్దేరినవాడికి వాల్వు పట్టింపా? ఒక్క పూట కదిలితే చాలనుకున్నాడు, కానిచ్చేశాడు."

ఆ మాటలో అర్థం ఉంది. బావ మూర్ఖంగా మాట్లాడినప్పుడు నాకు కోపం వస్తుంది గానీ, తెలివిగా మాట్లాడినప్పుడు ఏడుపొస్తుంది.

"మరి ఆ పంపెక్కడిది? ఊళ్ళో ఏ షాపులోనూ దొరకదు. సర్వీస్ సెంటర్‌కి ఒక్క ఫోన్ కొట్టి..."

"సాయంత్రంలోగా వాడి చేతే చెప్పిస్తా." ఇక వినలేదు. "ఒరేయ్, ఆ ఎడమ ట్యాంకు ఎండిపోయిందటగా. డబ్బాలో పెట్రోలు తెచ్చావా? పొయ్యి."

"బావా, కుడిది అంచుదాకా ఉంది. ఇప్పుడు నడిపితే..."

"స్టేషను ఇక్కడికి కూతవేటు దూరం. నువ్వు పక్కకి జరుగు."

"అక్కకి చెప్తా!"

"చెప్పుకో. మీ అక్కకి భయపడేవాణ్ణయితే నిన్ను ఇంట్లోకి రానిచ్చేవాణ్ణా?" అంటూ తనే డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. కానిస్టేబుల్‌కి ఆ పాత గేర్లు చేతకావు.

కీ తిప్పాడు. ఇంజను ఒక్క దెబ్బకి లేచింది. కిటికీలోంచి నా వంక చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేసి, యాక్సిలేటర్ తొక్కుతూనే ఉన్నాడు. షెడ్డంతా దద్దరిల్లింది. నాకు చూపించడానికే అంత సేపు తొక్కాడని ఇప్పటికీ నా నమ్మకం. కొత్త ఇంజనుకి తాత్కాలికంగా తగిలించిన పొట్టి సైలెన్సర్ కుడి ట్యాంకు ముందే ఉంది. అది పొగలు కక్కుతోంది. చివరికి రివర్సు వేసి క్లచ్ వదిలాడు. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. బావ మొహం ఎర్రబడింది. కీ లాక్కుని, తలుపు దభీమని వేసి దిగొచ్చాడు.

"నీ మొహం చూసి ఎక్కితే ఏ పనీ కాదు! పొద్దున్నే ఎదురొచ్చావు!"

"నువ్వేగా పొద్దున నాకు పది నిమిషాలిచ్చి ఎదురు కూర్చున్నది?"

"ప్రతి కేసులో వేలు పెడతావు. మొన్న దొంగనోట్లప్పుడూ అంతే..."

"మొన్న నేను చెప్పిందే నిజమైంది!"

"సారూ!" మేస్త్రి కేక వేశాడు. ఇద్దరం పట్టించుకోలేదు. అక్క పెళ్ళి నాటి సంగతులదాకా వెళ్ళిపోయాం. "సారూ, పంపు తిరుగుతున్నది! కీ కట్టెయ్యండి!"

అప్పుడు వినబడింది. ఇంజను ఆగిపోయింది గానీ, బండి కింద సన్నగా, ఎడతెగకుండా ఝుమ్మని ఒక మోత.

"కీ నా చేతిలో ఉంటే ఇంకా కట్టేదేంటి?" బావ కీ ఎత్తి చూపించాడు.

"ఆ లాకు అరిగిపోయింది సారూ! కీ ఎక్కడున్నా బయటికొచ్చేస్తుంది. లోపల ఆన్‌లోనే ఉంది!"

ఇంజను తాగడం మానేసింది. పంపు తోయడం మానలేదు. తోసిందంతా తిన్నగా వెళ్ళి కుడి ట్యాంకులో పడుతోంది. కుడి ట్యాంకులో చోటు లేదు. మూత సందులోంచి పెట్రోలు ధారగా కారుతోంది. ట్యాంకు మీది నుంచి నేల మీదికి, నేల మీద నుంచి మేస్త్రి కాళ్ళ కిందికి. గాలికి రెండు చుక్కలు సైలెన్సర్ మీద పడి చుయ్యిమని పొగ లేచింది. మూడోది పొగతో ఊరుకోకపోవచ్చు.

"అమ్మా, నువ్వు పో! అవతలికి పో!" మేస్త్రి కూతుర్ని నెట్టాడు. ఆవిడ పోలేదు. రెండు చేతులతో బేడీని పట్టుకుని లాగుతోంది. "తాళం తీయండి! ఎవరైనా తాళం తీయండి!" కానిస్టేబుల్ జేబులన్నీ తడుముకుంటున్నాడు. కంగారులో బేడీ తాళం జీపులో ఉందో జేబులో ఉందో వాడికే తెలియదు.

నేను క్యాబిన్ తలుపు మీద పడ్డాను. బావ కోపంగా వేసిన వేటుకి అది బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగాం. రాలేదు. "నీ వల్లే!" అన్నాడు బావ. "లాగు ముందు!" అన్నాను.

అప్పుడు మా వెనక నుంచి ఎవరో దూసుకొచ్చారు. అల్లుడు. అతను తలుపు వంక చూడలేదు. మోత వస్తున్న పంపు వంక చూడలేదు. భార్య వంక ఒక్కసారి చూసి, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడి, ముందు ఎడమ చక్రం పైన మడ్‌గార్డు వెనక్కి భుజందాకా చెయ్యి పోనిచ్చాడు. ఒక్క లాగు లాగాడు.

మోత ఆగిపోయింది.

ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. కానిస్టేబుల్‌కి తాళం కూడా అప్పుడే దొరికింది, పై జేబులో. మేస్త్రినీ కూతుర్నీ బయటికి లాక్కొచ్చారు. బావ నేల మీద ఇసుక పోయిస్తూ, నా వైపు చూడకుండా, "ఎవరికీ ఏం కాలేదుగా?" అన్నాడు.

అల్లుడు చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. కుడి పిడికిలి బిగించి ఉంది. పొద్దుట్నుంచి ఆ ఎర్ర వైరు కొస కోసం నేను నెత్తి పగలగొట్టుకున్నాను. అతను కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినట్టు పెట్టాడు. నేను నోరు తెరవబోయాను. అవసరం లేకపోయింది.

"అది అక్కడుందని నీకెలా తెలుసు?" అంది కూతురు.

అతను తలెత్తాడు. "ఏది?"

"ఫ్యూజు. ఇందాక ఆయనడిగితే తెలీదన్నావుగా. ఈ బండి మీద చెయ్యే వేయలేదన్నావుగా."

"మోత బట్టి..."

"మోత అక్కడ ట్యాంకు దగ్గర. నీ చెయ్యి ఇక్కడికొచ్చింది." ఆవిడ గొంతు పెరగలేదు. "మొన్న మధ్యాహ్నం తాళంచెవి మేకుకి లేదు. ఎక్కడో పడేశాననుకుని ఇల్లంతా వెతుక్కున్నాను. సాయంత్రం నువ్వు ఆలస్యంగా వచ్చావు. పొద్దున లేచేసరికి మళ్ళీ మేకుకే ఉంది. నేనే చూసుకోలేదేమో అనుకున్నాను. నా మీద నాకే అనుమానం వచ్చింది గానీ నీ మీద రాలేదు."

"మావయ్య ఆ షావుకారుని బజార్లో అవమానించాడు. వాడు నా దగ్గరికొచ్చి, మీ మామ చేత అదే బజార్లో క్షమాపణ చెప్పించు, లేకపోతే కంపెనీ సామాన్లు దొంగతనంగా నాకు అమ్మేది నువ్వేనని మీ కంపెనీలో చెప్తానన్నాడు. మావయ్య చెప్తాడా క్షమాపణ? నా ఉద్యోగం పోయేది. జైలుకి పోయేవాణ్ణి."

"అందుకని మా నాన్నని పంపించావా?"

బేడీ తీసిన మణికట్టు రుద్దుకుంటూ మేస్త్రి ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. వంగి, కుడి ట్యాంకుకి తగిలించిన రిటర్న్ గొట్టాన్నీ, దాని క్లిప్పుల్నీ, రాపిడి తగలకుండా వేసిన తొడుగునీ వేలితో తడిమి చూశాడు.

"ఇంత చక్కగా చేశావు కదరా," అన్నాడు అల్లుడితో. "ఎందుకాపావు మావయ్యా అని ఒక్క మాట అడగొద్దూ?"

బావ గొంతు సవరించుకుని నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "సర్వీస్ సెంటర్ నంబరుందా నీ దగ్గర?" అన్నాడు మెల్లగా. ఇంకో రోజైతే ఆ మాటకి నేను వారం రోజులు ఆటపట్టించేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఫోను తీసి చేతికిచ్చాను.

కూతురు మొగుడి ముందు గొంతుకూర్చుంది. పెట్రోలు తడి ఆవిడ చీర అంచంతా ఎక్కింది. అతని పిడికిలి పట్టుకుని, ఒక్కో వేలూ విప్పింది. అతను విప్పనిచ్చాడు. అరచేతిలో తెగిన ఎర్ర వైరు ముక్కతో ఆ చిన్న ఫ్యూజు ఉంది.

"నన్ను బతికించావు," అంది. ఫ్యూజు తీసుకుని లేచి, దాన్ని మా బావ చేతిలో పెట్టింది.

"ఇది కూడా రాసుకోండి సార్. ఎక్కడ దొరికిందో నేను చెప్తాను."